కొండకని చెప్పి వెళ్లిన ఆసుపత్రి

మా ఊళ్లో నాకు భక్తురాలని పేరు. నెలకొకసారి తిరుపతికి వెళ్లి, కొండెక్కి, స్వామిని చూసి వస్తానని అందరూ అనుకునేవారు. వాన పడినా, ఎండ మండినా, ఒళ్లు బాగాలేకపోయినా నేను ఆగేదాన్ని కాదు. ఇంత పట్టుదల ఎవరికుంటుందని ముక్కున వేలేసుకునేవారు. నాది పట్టుదల కాదు, భయం. నెల తిరిగేసరికి మాత్రల డబ్బా అడుగు కనబడేది. ఆ మాత్రలు ఊరికే ఇచ్చే పెద్దాసుపత్రి తిరుపతిలో ఉండేది.

పాకాల దగ్గర మా ఊరు. అక్కడ తిరుపతి బస్సు కోసం నిలబడిన మనిషిని ఎవరూ ఎందుకని అడగరు. మొదటి నెల సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఎదురింటామె "ఏమ్మే, కొండకా?" అంది. తల ఊపాను. ఆ ఊపిన తలే తర్వాత నా మెడకు చుట్టుకుంది. సాయంత్రం బస్సు దిగగానే ఆమె చెయ్యి చాపి నిలబడింది. కొండకు పోయి ప్రసాదం లేకుండా వస్తారా? తర్వాతి నెల నుంచి బస్టాండు బయట గుట్టుగా అమ్మేవాళ్ల దగ్గర లడ్డు కొనుక్కుని వచ్చేదాన్ని. అది కొండ లడ్డో, ఏ మిఠాయి కొట్టు లడ్డో ఆ దేవుడికే తెలియాలి. ఊళ్లోవాళ్లు మాత్రం కళ్లకద్దుకుని తినేవారు.

లడ్డుతో ఆగినా బాగుండేది. పోనుపోను ముడుపులు మొదలైనాయి. పసుపు గుడ్డలో మూటకట్టి, "ఇది హుండీలో ఏసి రా మే, మా పాపకు సంబంధం కుదిరితే ఇస్తామని మొక్కుకున్నాం" అని ఒకరు, ఆవు ఈనిందని ఇంకొకరు. నాకు పెద్ద భక్తి లేదు. కానీ ఇంకొకరి మొక్కును కాలవలో పారేసేంత ధైర్యమూ లేదు. పొద్దున నుంచీ మందుల వరసలో నిలబడి, నిలబడి, కాళ్లు పీకుతుంటే మళ్లీ ఘాటు బస్సెక్కి కొండకు పోయి, ఊళ్లోవాళ్ల మొక్కులు తీర్చి వచ్చేదాన్ని. నాకని ఒక్క మొక్కూ మొక్కుకోలేదు. అంత ఓపిక మిగిలేది కాదు.

ఆ మాత్రల వల్ల నాకు అరికాళ్లు భగభగ మండేవి. రాత్రిళ్లు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేదాన్ని. బుగ్గలు కూడా లోపలికి పోయాయి. ఊళ్లోవాళ్లు దానికీ కారణం వాళ్లే వెతుక్కున్నారు. చెప్పుల్లేకుండా మెట్లెక్కి పోతుంది కదా, ఆ మాత్రం కాళ్లు మండవా, మనిషి చిక్కిపోదా అనేవారు. నేను నోరు మెదపాల్సిన పనే ఉండేది కాదు. ఇంత సులువుగా నమ్మేవాళ్లను చూస్తే ఒక్కోసారి నాకే ఒళ్లు మండేది.

నా భర్త లారీ డ్రైవరు. చిత్తూరు బెల్లం, మామిడికాయలు వేసుకుని ఉత్తరాదికి పోయేవాడు. జబ్బు ఎక్కడంటుకుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రక్తపరీక్షలో ఇద్దరికీ ఉందని తేలిన రోజున వేలూరు నుంచి వచ్చే బస్సులో పక్కపక్కన కూర్చుని ఊరొచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అప్పటికే ఆ మందులున్నాయి. వేలూరులో డాక్టరు రాసిచ్చాడు కూడా. కానీ కొనాలి. బతికినన్నాళ్లూ కొంటూనే ఉండాలి. ఆయన కొన్నాళ్లు కొని మింగాడు, కాస్త తేరుకున్నాడు. తర్వాత మానేశాడు.

"అమ్మకు చెప్తే బావి కాడి చేను అమ్మేస్తాది," అన్నాడు ఒకరోజు. "నేను ఎట్లా పొయ్యేవాణ్నే. ఆ చేను గూడా పోతే మీరిద్దురూ ఏం తిని బతుకుతారు? అమ్మకు ఈ మందుల మాటే తెలీగూడదు."

నా చెయ్యి ఆయన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక ఊరికి టీబీ అని చెప్పాం. అబద్ధం కూడా కాదు, చివరికి పట్టుకుంది అదే. ఆయన పోయిన కొన్నాళ్లకు ఆ మందులే తిరుపతిలో ఊరికే ఇస్తున్నారని తెలిసింది. ఆ మాట విన్న రోజు నాకు సంతోషం రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. వంటింట్లో కూర్చుని పొయ్యిలోకి కట్టెలు విరిచి విరిచి వేశాను.

పిల్లలు నిలవలేదు మాకు. ఆ ఇంట్లో మిగిలింది మా అత్త, నేను, ఒక మేక. నేను మిషను కుట్టేదాన్ని. అత్త చేను చూసుకునేది. ఇద్దరు విధవలు ఒక ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో మా ఇల్లు అట్లాగే ఉండేది. ఆమె సంగటి గెలికితే నేను ఊరిబిండి పచ్చడి నూరేదాన్ని. ఎవరి దుఃఖం వాళ్లది. నాకు మాత్రల సంగతి ఆమె దగ్గర దాచడం పెద్ద కష్టం కాలేదు. డబ్బా మీది కాగితం గీకేసి, లోపల దూది కుక్కి, గలగలమనకుండా ఊరికి తెచ్చేదాన్ని. తర్వాత ఆ మాత్రలు పాత పౌడరు డబ్బాలో పోసి మిషను సొరుగులో పెట్టేదాన్ని. పొద్దున ఎనిమిదికి ఆమె చేనికాడ ఉండేది. రాత్రి ఎనిమిదికి మేకకు ఆకు వెయ్యాలని లేచి దొడ్లోకి పోయేది. నా అదృష్టం కొద్దీ ఒక్కనాడూ ఆ వేళ తప్పలేదు.

ఆసుపత్రిలో మందుల గురించి వివరించే అమ్మాయి ఒకతె ఉండేది. మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "అక్కా, ఒక్క మందైతే ఈ పురుగు దానికి అలవాటు పడిపోతాది. అందుకే మూడు మందులు కలిపి ఒకే మాత్ర చేసినారు. పొద్దున ఎనిమిదికి మింగితే రాత్రి ఎనిమిదికి మింగల్ల. నాలుగు రోజులు మానేస్తే అది మళ్లా లేస్తాది, లేసినంక ఈ మాత్రకు లొంగదు. అప్పుడు నీకిచ్చేదానికి మా కాడ ఇంగోటి లేదు."

ఇంకోటి లేదు. ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. మాత్రలు మొదలుపెట్టక ముందు నేను గోడ పట్టుకుని నడిచేదాన్ని. నోటినిండా పూత, నీళ్లు కూడా దిగేవి కావు. మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఒకరోజు చెనక్కాయలు ఉడకబెట్టిన వాసన వస్తే ఆకలేసింది. నిజంగా ఆకలి. మూకుడు ముందు పెట్టుకుని అన్నీ తినేశాను. ఆ ఆకలి మళ్లీ పోతుందేమోనన్నదే నా భయం. చావు గురించి అంత భయపడలేదు, చూసినదే కదా. ఆ నోటి పూత, గోడ పట్టుకుని నడవడం, అవి మళ్లీ పడే ఓపిక నాకు లేదు.

ఆ ఏడు ఎండాకాలం ఊళ్లో పిల్లలకు వరసగా అమ్మవారు పోసింది. బోర్లు కూడా ఎండిపోయాయి. పెద్దలు కూర్చుని గంగమ్మ జాతర ముందుకు జరిపారు. ఒక మంగళవారం దీపాలు పెట్టే వేళకు పలక డప్పు కొడుతూ చాటింపు వేశారు. చాటింపు పడితే జాతర అయ్యేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. బయటివాళ్లు ఊళ్లో నిద్ర చెయ్యకూడదు. జాతర వచ్చే మంగళవారం. నా మాత్రలు శుక్రవారానికి అయిపోతాయి.

పలక చప్పుడు వీధి చివరికి పోయేదాకా గడపలో నిలబడి విన్నాను. తర్వాత లోపలికి వెళ్లి, సొరుగు తీసి, డబ్బా చూసి మళ్లీ మూశాను. చూసినంత మాత్రాన పెరుగుతాయా!

మరునాడు ఊరి పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన తిన్నె మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"మామా, రేపు నేను కొండకు పోవాల. నెలనెలా పోతాను కదా, తప్పితే బాగుండదు," అన్నాను.

"చాటింపు ఏసినంక పొలిమేర దాటేది లేదు. నీకు తెలీందా?"

"మొక్కు మామా."

"ఏడుకొండలోడు యాడికీ పోడు, వచ్చే నెల పో. పిలకాయలకు ఒళ్లంతా పొక్కులు లేసి ఉంటే, ఈ టైములో గంగమ్మను కాదని కొండకు పోతానంటావే! భక్తి ఉండొచ్చు గానీ మరీ ఇంత పనికిరాదు."

"ఆసుపత్రికైతే పోనిస్తారా?" అని నోరు జారాను.

"ప్రాణం మీదికొస్తే యెవురాపతారు? పురుడుకు, రోగానికి అడ్డం లేదు. అట్లా పొయినోళ్లు గూడా జాతరయ్యేదాకా తిరిగి ఊళ్లోకి రాగూడదు. అయినా నీకేం రోగం? నువ్వు పొయ్యేది కొండకు గదా."

నా భక్తే నాకు అడ్డం నిలబడింది. రోగమని చెబితే పోవచ్చు. కానీ ఏం రోగమని అడుగుతారు. భర్త లారీ డ్రైవరని, చిక్కి చిక్కి పోయాడని అందరికీ తెలుసు. ఒక్క మాట చెబితే మిగతాదంతా వాళ్లే కలుపుకుంటారు. పక్క ఊళ్లో ఒకామెకు ఇదే జబ్బని తెలిసిపోయాక, బోరింగు దగ్గర ఆమె బిందె పెట్టిన చోట నీళ్లు పోసి కడిగిగానీ వేరేవాళ్లు బిందె పెట్టేవారు కాదు. నా దగ్గర జాకెట్టు కుట్టించుకునేది ఎవరు? తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. గంగమ్మను, పెద్దాయనను, మొదటినాడు తల ఊపిన నన్ను, అందరినీ తిట్టుకున్నాను. అత్త అరుగు మీద రాగులు చెరుగుతోంది. అవి జాతర అంబలికి.

ఇక్కడ ఆ అంబలి సంగతి చెప్పాలి. జాతరలో గంగమ్మకు పోసే మొదటి అంబలి మా ఇంట్లోనే కాచేవారు. మా అత్త కొత్త కోడలుగా వచ్చినప్పటి నుంచి ఆమె చేతులతోనే. వారమంతా ఒంటిపూట తిని, రాగులు తనే విసిరి, కొత్త కుండలో కాచేది. ఆమె కాచింది పోశాకనే మిగతా ఊరంతా పోసేది. భర్త పోయాక పెళ్లిళ్లకు, సీమంతాలకు ఆమెను వెనక్కి జరిపారు. అంబలి దగ్గర మాత్రం ఎవరూ జరపలేదు. ఏడాదంతా వంగి నడిచే మనిషి ఆ ఒక్కనాడు నిటారుగా నడిచేది.

"ఏమన్నాడు?" అంది చేట ఆపకుండా.

"పోవద్దన్నాడు. పోనీలే, వచ్చే నెల చూసుకుంటా," అన్నాను.

ఆమె చేట ఆపింది. చెరిగిన రాగులు మూట కట్టి, చెంగు దులుపుకుని వీధిలోకి వెళ్లింది. మూట చంకలో పెట్టుకుని పోతోందేమిటని వెనకాలే వెళ్లాను. పెద్దాయన తిన్నె ముందు నిలబడి, చుట్టూ నలుగురు వింటుండగా అంది.

"అప్పా, నాకు కడుపులో గడ్డ ఉండాది. శానా దినాలుగా ఓర్చుకుంటా ఉండా, ఇంగ నా వల్ల కాదు. రేపు కోడల్ని తోడు తీసకొని తిరపతి ఆస్పత్రికి పోతా."

"ఏందక్కా ఇది, ఇప్పుడా? అంబలెవురు కాచేది?"

"మీ ఇంట్లో కాయించుకో." రాగుల మూట తిన్నె మీద పెట్టింది. "బాగా చెరిగినా. మళ్లా చెరగబళ్లేదు."

పెద్దాయన భార్య లోపలి నుంచి వచ్చి ఆ మూట తీసుకుంది. చాలా త్వరగా తీసుకుంది. ఎన్నాళ్లుగా ఎదురుచూసిందో. ఆ తర్వాత ఏ జాతరకూ ఆ అంబలి మా ఇంటికి తిరిగి రాలేదు. చాటింపు పడ్డాక పొలిమేర దాటిన చెయ్యి అన్నారు.

అత్తకు నిజంగానే గడ్డ ఉందని నేను నమ్మాను. ఊళ్లోవాళ్లను వెక్కిరిస్తాను గానీ నేనూ అంతే. రాత్రంతా నా మాత్రల బాధ పోయి ఆమె కడుపు బాధ పట్టుకుంది. బస్సులో చంద్రగిరి దాటాక, "అత్తా, ముందు నీ కడుపు చూపిద్దాం. నా పని తర్వాత," అన్నాను.

"నా కడుపుకేం? గుండ్రాయి మాదిర ఉండాది. ముందు నీ పని సూసుకో," అని కిటికీలోంచి బయటికి చూసింది.

ఏం పని అని ఆమె అడగలేదు. ఏం పని అంటున్నావని అడిగే ధైర్యం నాకూ లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర కూర్చోమంటే కూర్చోలేదు. నా వెనకాలే మందులిచ్చే హాల్లోకి వచ్చింది. ఆ హాల్లో అందరం చెంగులు ముఖానికి అడ్డం పెట్టుకునే కూర్చునేవాళ్లం. తెలిసినవాళ్లు కనబడితే ఇద్దరం చెరోవైపు తిరిగేవాళ్లం, బస్సులో ఎదురైనా ఎవరో ఏమో అన్నట్టు ఉండేవాళ్లం. మా అత్తకు ఆ మర్యాదలు తెలియవు. అందరినీ ఒక్కొక్కరినే తేరిపార చూసింది.

"ఇంతమందా!" అంది.

ఆమె పక్కన బెంచీ మీద ఖాకీ చొక్కా వేసుకున్న కుర్రవాడొకడు, వాడి తల్లి కూర్చుని ఉన్నారు. వాడు ఏదో నములుతూ కాళ్లు ఊపుతున్నాడు. అత్త వాణ్ని చాలాసేపు చూసి, తల్లి వైపు వంగింది.

"మీవోడు లారీ తోలతాడా?"

"అవునక్కా."

"మాత్రల్తో బాగయినాడా?"

"పోయినేడు మంచంతో మోసకొచ్చినాం. ఇప్పుడు సూడు, మళ్లా లారీ ఎక్కతా ఉండాడు. వద్దంటే ఇంటాడా!" ఆ తల్లి నవ్వింది.

అత్త నవ్వలేదు. నా వంతు వచ్చి, మాత్రలు తీసుకుని, దూది కుక్కి వచ్చేసరికి ఆమె అదే బెంచీ మీద అట్లాగే కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. ఆమె ఇంకా వాడు కూర్చున్న చోటు వైపే చూస్తోంది.

జాతరయ్యేదాకా ఊళ్లోకి రాకూడదు కాబట్టి మాకు పోవడానికి చోటు లేదు. కొండ తప్ప. అట్లా ఇన్నాళ్లూ చెప్పిన అబద్ధం నిజమైంది. ఘాటు బస్సు మలుపులు తిరుగుతుంటే అందరూ గోవిందా అంటున్నారు. మా ఇద్దరి నోళ్లూ పెగల్లేదు. కొండ మీద యాత్రికులకు ఊరికే వసతి ఇచ్చే పెద్ద హాల్లో ఒక మూల చాప పరుచుకున్నాం. చుట్టూ గుండ్లు చేయించుకున్న కుటుంబాలు, ఏడ్చే పసిపిల్లలు, పులిహోర పొట్లాలు. అలసట ఎంతగా ఉందంటే, కాళ్ల మంట కూడా ఎవరివో కాళ్లు మండుతున్నట్టుంది.

గోడ గడియారం ఎనిమిది కావస్తోంది. ఇంత మందిలో, ఆమె పక్కనే ఉండగా ఎట్లా అని సంచి ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాను. అత్త చెంబులో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఎనిమిదాయ. మింగు," అంది గోడతోనే. "ఈడ మేక లేదు గదా, యాడికని లేసిపోయేది?"

మాత్ర నా వేళ్ల మధ్యనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ రాత్రి ఎనిమిది గంటలకు సరిగ్గా ఆకలేసిన మేక. చలిలోనూ, వానలోనూ ఆకు వెయ్యడానికి లేచి పోయిన మనిషి. నేను అదృష్టం అనుకున్నాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ పసిపిల్లల ఏడుపులో నాదెవరికీ వినబడలేదు. మింగాను.

చాలాసేపటికి ఆమె ఇటు తిరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"మే, ఒక మాట అడగతా. ఈ మాత్రలు వానికప్పుడు లేవా?"

చేను ఇప్పటికీ ఉంది. ఆ చేను మీదనే ఇద్దరం తింటున్నాం. మొన్న కూడా ఆమె ఆ చేనులోనే కలుపు తీసి వచ్చింది. నా చెయ్యి ఆయన తల మీద ఉన్నట్టే అనిపించింది.

"లేవత్తా," అన్నాను. "అప్పటికి యాడా రాలేదు."

ఆమె నా ముఖం వైపు చూస్తూనే ఉంది.

"నెలనెలా లడ్డు చేతిలో పెడతావే, ప్రసాదమత్తా అని. అప్పుడు గూడా నీ గొంతు ఇట్నే ఉంటాది."

 ఆమె చేత్తో నా దుప్పటి అంచు సర్ది, మళ్లీ గోడ వైపు తిరిగింది.

"లేవనే అనుకుంటాలే," అంది. "పండుకో."